తెల్ల పట్టుచీర

ప్రసన్నకుమారి రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, రైసుమిల్లు షెడ్డులో మొగుడితో ఉండే బీహారు పిల్ల సునైనాకి గ్లాసుడు పాలు పట్టుకెళ్ళేది. ఒకరి భాష ఒకరికి రాదు. పిల్ల పాలు తాగేదాకా పక్కనే కూర్చుని, తల నిమిరి వచ్చేది. సునైనా మొగుడు జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. అతని కోసం చర్చిలో ప్రార్థన చేయిద్దామని, కట్టుకు రమ్మని సైగచేస్తూ ప్రసన్నకుమారి పెట్టె అడుగునున్న తెల్ల పట్టుచీర తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. సునైనా చీర విసిరికొట్టి, పాపిట్లో సిందూరాన్ని అరచేత్తో కప్పుకుంది.

ఆ వారంలోనే మొగుడు పోయాడు.

"మీ చీరే చంపిందని ఏడుస్తోందండి. వాళ్ళలో తెల్లచీర మొగుడు పోయినోళ్ళకే కడతారంట," అన్నాడు మిల్లు మేస్త్రీ గణేష్‌బాబు.

ప్రసన్నకుమారి అతని చెయ్యి పట్టుకుంది.

"అది నా పెళ్ళిచీర నాయనా. ఆ ఒక్క ముక్క హిందీలో ఆ పిల్లకి చెప్పిపెడతావా?"