ఎర్రనీళ్ల పళ్లెం ముందు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. బర్మాలో తెల్లవాళ్ల మీద తిరగబడ్డ ఫౌజులో చేరి పట్టుబడిన మా ఆయన, జైలు నుంచి విడుదలై పలమనేరు వచ్చారు. ఆయనను గుమ్మం బయటే నిలబెట్టి, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ల పళ్లెం ఎత్తాను. అంతలో పక్కింటి మునెమ్మత్త గడ్డి కోసే కొడవలితోనే వచ్చి మా మధ్య నిలబడింది. ఆమె కొడుకు తెల్లవాళ్ల పటాలంలో ఉండి అదే బర్మాలో చనిపోయాడు.

“నా కొడుకును సంపింది మీవోళ్లేనా?”

“తెలీదు పెద్దమ్మా,” అన్నారాయన.

మునెమ్మత్త కొడవలి పైకెత్తింది.

“చేతులెత్తినోణ్ణి గూడా కాల్సినారా?”

“లేదు పెద్దమ్మా. మేం తెల్ల సర్కారు సిపాయిలం కాకపోయినా, యుద్ధానికి ఒక చట్టముండాది. చేతులెత్తినోణ్ణి, దెబ్బ తగిలి పడినోణ్ణి కాల్చగూడదని మాకు గట్టి ఆర్డరు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కొడవలి దించింది.

“మావోడు చేతులెత్తే రకం కాదు నాయనా.”

నా వైపు తిరిగి, “ఎండలో నిలబెట్టినావేంది? దిష్టి తీసి లోపలికి పిలుచుకో మే,” అని వెళ్లిపోయింది.

ఆ చట్టం ఆమె కొడుకును కాపాడలేకపోయింది. ఆ రోజు మా ఆయనను మాత్రం కాపాడింది.