మా అత్త నెమళ్లను తరిమిన పొద్దు

మా అత్తకు నేనంటే ఎంత ప్రేమో నాకింకా తెలీదు గానీ, నెమళ్లంటే ఎంత ప్రేమో మాత్రం కాపురానికొచ్చిన మరుసటి పొద్దే తెలిసిపోయింది. నేను టీ కోసం ఎదురుచూస్తాంటే ఆమె అన్నం తినే కంచు తట్టను గరిటెతో టంగుటంగుమని కొట్టుకుంటా పెరట్లోకి పోయింది. ఇదేం ఇల్లురా దేవుడా అనుకుంటి. ఆ చప్పుడుకు ఇంటెనక గుట్ట మీదినుంచి నెమళ్లు దిగొచ్చినాయి. మా కోళ్లు కూడా ఉరికొచ్చి వాటి మధ్య దూరినాయి. అన్నీ కలిసి ఒకే చోట జొన్నలు తింటాంటే మా అత్త నడుం మీద చెయ్యేసుకుని, కూతుళ్లను పుట్టింటికి పిలుచుకొచ్చిన తల్లి మాదిరి నిలబడింది.

మాది పత్తికొండ పక్కన పల్లె. టమాట వేసే ఊళ్లలో నెమళ్లంటే ఎవురికీ ఇష్టముండదు. పండిన కాయనల్లా పొడిచి పోతాయి. "నువ్వు పిలిచి మేపుతావు, అవి పోయి నా తోట మేస్తాయి" అని మా ఆయన గొణిగేవాడు. "ఎండాకాలం గుట్ట మీద ఏముంటాదిరా, రాళ్లు తింటాయా?" అనేది ఆమె. వాటిలో ఒక కుంటి మగ నెమలి ఉండేది. యాడో ముళ్లకంచెలో కాలు ఇరుక్కుని వేలు పోయింది. అది మాత్రం ఆమె చేతిలోనుంచే తినేది. నాకు టీ ఆలస్యమైన పొద్దులన్నీ దాని పుణ్యమే.

మొన్నటి ఎండాకాలం ఊళ్లోకి కొక్కెర తెగులొచ్చింది. కోళ్లు రెక్కలు వాలేసి, నోరు తెరిచి ఆయాసపడి, మెడ మెలికలు తిరిగి చచ్చిపోతాయి. మా ఊళ్లో ఒక పద్ధతి ఉండాది. చచ్చిన కోళ్లను పాత చాటలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి, వేపాకు కప్పి, పొలిమేర అవతల పెట్టి, ఎనక్కి తిరిగి చూడకుండా రావల్ల. అట్లయితే రోగం ఊరు దాటి పోతాదంట. మా అత్త కూడా చచ్చిన మా కోళ్లను అట్లే మోసుకుపోయి నీళ్లెండిన వంక అవతల, గుట్ట మొదట్లో పెట్టొచ్చింది. కాళ్లు కడుక్కుని, "ఇంక పోతాదిలేమే, దిగులు పడొద్దు" అనింది.

ఆ తర్వాత కట్టెల కోసం నేను వంక దాటి పోతే చాట బోర్లాపడి ఉండాది. కుక్కలు పీకినట్టుండాయి, యాడ చూసినా ఈకలే. చాట చుట్టూ నెమలి కాళ్ల గుర్తులు. ఆ పక్కనే కంపచెట్టు కింద ఒక ఆడ నెమలి, మెడ ఎనక్కి మెలితిరిగి, నోరు తెరుచుకుని కొట్టుకుంటాంది. అచ్చం మా కోళ్ల మాదిరే. నేను పెట్టిన కేకకు వంకలో మేస్తాండే గొర్రెలు బెదిరినాయి.

ఫారెస్టువాళ్లకు ఫోన్ చేస్తే పశువుల డాక్టరును ఎంటబెట్టుకొచ్చినారు. అప్పటికే అది చచ్చిపోయింది. "పరీక్షకు పంపితేగానీ గట్టిగా చెప్పలేనమ్మా. చూస్తాంటే మాత్రం కోళ్ల రోగమే" అన్యాడు డాక్టరు. "చచ్చినవాటిని లోతుగా గుంత తీసి, సున్నమేసి పూడ్చండి. బాగుండే కోళ్లకు చుక్కల మందు వేస్తాం. నెమళ్లకు మాత్రం గింజ కూడా వేయొద్దు. అవీ కోళ్లూ ఒకేచోట మేసినాయంటే గుట్ట మీద ఒక్కటి కూడా మిగలకపోవచ్చు."

"నేను పొలిమేర దాటించినా గదప్పా" అనింది మా అత్త.

నాకు కోపం ఆగలేదు. "నీ పొలిమేర దాటించినావత్తా. తీసుకపోయి వాటి వాకిట్లో పెట్టినావు" అంటి. ఆమె చాట మోసిన తన చేతులు చూసుకుంటా కూర్చుండిపోయింది.

మరుసటి పొద్దు పిలవకుండానే నెమళ్లు దిగొచ్చినాయి. పెరడంతా కోళ్ల రెట్ట, దాని మీద వాటిని దిగనీకూడదు. బెదిరించాలని మా అత్త గబగబా తట్ట తీసుకుని కొట్టింది. అయ్యో, ఆ చప్పుడు వాటికి అన్నం పిలుపు! గోడ మీదుండేవి పెరట్లోకి దూకినాయి. ఇంకా గట్టిగా కొట్టింది. గుట్ట మీద మిగిలినవి కూడా ఉరికొచ్చినాయి. ఆమె తట్ట పారేసి మట్టిపెడ్డలు ఏరి విసరబట్టింది. "పోండి, పోండమ్మా, నా ఇంటికి రావొద్దు" అని ఏడుస్తానే విసిరింది. అన్నీ లేచిపోయినాయి. కుంటిది మాత్రం మెడ చాపి, ఆమె చేతి దిక్కు చూస్తా ముందుకొచ్చింది. నేను తరమబోతే నన్ను పక్కకు నెట్టింది. "నా చేతికి అలవాటైంది. నా చేతితోనే పోవల్ల" అని, రాయి తీసుకుని దాని రొమ్ముకు కొట్టింది. అది అరిచి, రెక్కలు టపటపలాడించి గోడ దాటింది. మా అత్త ఆ పొద్దు అన్నం ముట్టలేదు.

అట్లా కొన్ని పొద్దులు తరిమినాక అవి రావడం మానేసినాయి. తొలి వానలు పడినాయి, చుక్కలు వేసిన కోళ్లు నిలిచినాయి. గుట్ట దిక్కు మాత్రం ఒక్క కూత లేదు. ఉండాయో పోయినాయో చెప్పేవాళ్లు లేరు. మా అత్త పెరటి గడపలో కూర్చుని అటే చెవి పెట్టేది. నేను తెచ్చిచ్చిన టీ ఆమె చేతిలోనే చల్లారిపోయేది.

మబ్బు పట్టిన ఒక పొద్దు గుట్ట మీద నెమలి కూసింది. దాని ఎనకే ఇంకోటి, వంక పక్కనుంచి మరోటి. "ఉండాయిమే! బతికుండాయి!" అని మా అత్త చిన్నపిల్ల మాదిరి లేచింది. లేచిన చెయ్యి లేచినట్టే గోడకు తగిలించిన తట్ట మీదికి పోయింది. గరిటె కూడా అందుకుంది. గానీ కొట్టకుండానే తట్టను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"దీన్ని నాకు కనపడకుండా యాడన్నా దాచుమే. ఇంకోసారి కూసినాయంటే నా చెయ్యి ఆగదు."