ఫొటోలో కింది వరస

ఆ ఫొటో తీసింది నేనే. నాలుగేళ్ళుగా ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎప్పుడైనా మనసు పీకితే, కింది వరస చూడకుండా పంపించానులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. అదీ అబద్ధమే. చూశాను. చూసే పంపించాను.

అప్పట్లో నేను పాలకొల్లులో ఒక రొయ్యల మేత కంపెనీ బ్రాంచిలో టెక్నీషియన్ని. చెరువుల మీదకెళ్ళి నీళ్ళు పరీక్ష చేసి, రొయ్యకి జబ్బేమైనా తగిలిందేమో చూసి, రైతుకి సలహా చెప్పడం పని. నాతోపాటు ఇంకొకతను అదే పని చేసేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న, మా వీధిలోనే ఇల్లు. ఇద్దరికీ చెరో ముప్ఫై చెరువులు. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదయ్యేది. అతను ఐదింటికల్లా ఇంట్లో ఉండేవాడు.

దానికి కారణం అతను ఫోన్లో పెట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్. ఏ పని మొదలెట్టినా ఒక నొక్కు, ఆపితే ఇంకో నొక్కు. దేనికెంత సేపు పట్టిందో వారం చివర రంగుల గీతలుగా చూపించేది. కంపెనీ పెట్టమన్నది కాదు, తన కోసం తాను పెట్టుకున్నదే. నెల రోజులు అలా రాసుకున్నాక చెరువులు తిరిగే దారి మార్చాడు, రిపోర్టులు గట్టు మీదే పూర్తిచెయ్యడం మొదలెట్టాడు.

"రైతుల ఇళ్ళల్లో టిఫిన్లకెంత అవుతుందో తెలుసాండీ? వారానికి ఏడు గంటలు! దానికి 'మర్యాదలు' అని పేరు పెట్టాను," అన్నాడొకసారి నవ్వుతూ.

"మానెయ్యకపోయావా?"

"అమ్మో! పెసరట్టు వద్దంటే మళ్ళీ చెరువు మీదకి రానిస్తారాండీ? అయినా గట్టు మీదైతే పక్క చెరువువాళ్ళు వింటారని జబ్బు సంగతి చెప్పరు. ఇంట్లో ప్లేటు చేతికిచ్చాకే చెబుతారు."

అది నిజమని నాకూ తెలుసు. ఇరవయ్యేళ్ళుగా ఆ పెసరట్లు తిన్నవాణ్ణి.

ఇంటికెళితే మా ఆవిడ అతని మాటే ఎత్తేది. "ఆయన పాపని బండెక్కించుకుని కాలవ గట్టు మీద తిప్పుతున్నారండి. మీరేంటి, ఈ జిల్లా చెరువులన్నీ మీరొక్కరే తవ్వుతున్నారా?"

ఎవరికీ చెప్పకుండా నేనూ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. మూడో రోజు ఆపడం మర్చిపోయాను. స్నానం పదకొండు గంటలు చేసినట్టు చూపించింది. తీసేశాను. కానీ కుళ్ళు పోలేదు. బ్రాంచి ఇన్‌చార్జిగా అతన్నే వేస్తారన్న మాట వినపడ్డాక ఇంకా ముదిరింది.

ఒకరోజు ఏదో చెరువులో రొయ్య తేలుతోందని ఫోనొస్తే, అతను హడావిడిగా వెళ్ళిపోయాడు. ఆఫీసు కంప్యూటర్లో కూడా తెరుచుకునే ఆ సాఫ్ట్‌వేర్ పేజీని అతను మూయకుండానే వెళ్ళాడు. మూసెయ్యాలి. కుర్చీ లాక్కుని చదివాను. మర్యాదలు, ఏడు గంటలు. పాపతో కాలవ గట్టు, నాలుగు గంటలు. అన్నిటికంటే కింద: ఇంట్లో గొడవ, రెండు గంటల పది నిమిషాలు.

నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఐదింటికి ఇంటికెళ్ళి వెలగబెడుతున్నది ఇదా అనుకున్నాను. ఫొటో తీసి, "డ్యూటీ టైములో టిఫిన్లు చూడండి సార్" అని కాకినాడలో ఉండే మేనేజరుకి పంపాను. కింది వరస కత్తిరించడానికి క్షణం పట్టేది. కత్తిరించలేదు.

మేనేజరు ఈ ప్రాంతానికి కొత్త. సోమవారం మీటింగులో పన్నెండుమంది ముందు ఆ ఫొటో చదివాడు. మర్యాదల దగ్గర అందరూ నవ్వారు. ఆఖరి వరస దగ్గర ఆగి, "ఏంటయ్యా, పెళ్ళాంతో గొడవక్కూడా టైమ్‌షీటేనా? ఓవర్‌టైమ్ ఇమ్మంటావా?" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. అతను తల దించుకుని కూర్చున్నాడు. ఎవరు పంపారని కూడా అడగలేదు.

రెండు రోజుల్లో ఆ మాట వాళ్ళింటికి చేరింది. "గొడవల్ని గడియారం పెట్టి కొలిచి, ఆఫీసంతా చూపించుకున్నారంటండి," అంది మా ఆవిడ అన్నం వడ్డిస్తూ. "ఆవిడ పాపని తీసుకుని ధవళేశ్వరం పుట్టింటికెళ్ళిపోయింది."

అతను చూపించలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. పప్పు కలుపుకున్నాను.

తర్వాత అతను ఉద్యోగం మానేశాడు. ఇన్‌చార్జి పదవి నాకొచ్చింది. ఆరు నెలలకి ఆవిడ తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి నీళ్ళ పరీక్షల ల్యాబు పెట్టుకున్నారు. అంతా సర్దుకుందని నేను నమ్మాను. నమ్మితే నాకు హాయి.

పోయిన నెల మా ఆవిడ ఆ ల్యాబు దాకా వెళ్ళొచ్చి, "ఇప్పటికీ ఆయన ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, ఆవిడ మాట్లాడ్డం ఆపేస్తోందండి," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఇద్దరూ ఉన్నారు. అతను లేచి, "రండి రండి, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా గురువుగారూ!" అన్నాడు. కూర్చోకుండానే ఆ ఫొటో సంగతి ఎత్తాను. అతని మొహం మారిపోయింది.

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నాడు.

"చెప్పనివ్వండి ఆయన్ని," అంది ఆవిడ.

ఆవిడ వైపు తిరిగాను. "ఆయన ఎవరికీ చూపించలేదమ్మా. ఆయన లేనప్పుడు కంప్యూటర్లో చూసి, ఫొటో తీసి మేనేజరుకి పంపింది నేను. మీ ఇంటి మాట అందులో ఉందని తెలుసు. తెలిసే ఉంచాను. ఆయనంటే కుళ్ళు నాకు. మీరు ఆయన్ని తప్పు పడుతున్నారని విని కూడా నోరు మూసుకున్నాను. తప్పంతా నాదమ్మా. మీ ఇద్దరూ నన్ను క్షమించండి."