ఐదు వందల ఇరవై నాలుగు పూరీలు

2014 ఆగస్టులో నేను సైనిక్‌పురిలో మాజీ సైనికులు నడిపే ఒక సంస్థలో సరిచూపు సహాయకురాలిగా చేరాను. యుద్ధాల్లో పాల్గొన్నవారి జ్ఞాపకాలను వారి గొంతులోనే రికార్డు చేసి భద్రపరచడం ఆ సంస్థ పని. అంతకుముందు ఇరవై రెండేళ్లు మారేడ్‌పల్లిలోని ఒక స్కూలు ఆఫీసులో హాజరు పట్టీలు, మార్కుల జాబితాలు చూశాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. యుద్ధం గురించి ఏమీ తెలియదని ఇంటర్వ్యూలోనే చెప్పేశాను. తెలియకపోతేనే మంచిది, తెలిసినవాళ్లు కథను మధ్యలో అందుకుంటారు అని అక్కడి పెద్దాయన నన్ను తీసుకున్నారు.

పని విధానం ఇది. రికార్డింగు పూర్తయ్యాక దాని ప్రతి నా దగ్గరకు వస్తుంది. నేను మొత్తం విని, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏ విషయం ఉందో చూపే సూచిక రాస్తాను. ముఖ్యమైన భాగాలను మాటకు మాట కాగితం మీద పెడతాను. అంకెలన్నీ సరిచూస్తాను: తేదీ, దూరం, వేళ, మనుషుల సంఖ్య. చివర తరగతి వేస్తాను. చెప్పినదానికి కాగితం ఆధారం ఉంటే మొదటి తరగతి. కాగితం లేకపోయినా మరొక సాక్షి అదే మాట చెబితే రెండో తరగతి. ఆ ఇద్దరూ అంతకుముందు ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఉండకూడదు. ఈ రెండూ లేనిది మూడో తరగతి. మూడో తరగతి అంటే అబద్ధమని కాదు, రుజువు కాలేదని మాత్రమే. అయితే పుస్తకంలో అచ్చయ్యేవి మొదటి రెండు తరగతులే.

2019 జనవరిలో అటువంటి పుస్తకమొకటి సిద్ధమవుతోంది. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు వైపున ఒక పదాతి కంపెనీ నది దాటిన సంగతి అందులో ప్రధాన అధ్యాయం. ఆనాటి కంపెనీ కమాండర్ తరువాత కల్నల్‌గా పదవీ విరమణ చేసి సైనిక్‌పురిలోనే ఉంటున్నారు. ఆయన రికార్డింగు వింటే నా పని సగం తగ్గినట్టుండేది. జేబు డైరీ ముందు పెట్టుకుని మాట్లాడతారు. నది దాటడానికి ముందు రోజు తమ పరేడ్ స్టేట్ 117 అని చెప్పారు. పరేడ్ స్టేట్ అంటే ఆ రోజు కంపెనీలో ఎందరున్నారు, సెలవులో ఎందరు, ఆసుపత్రిలో ఎందరు అని చూపే రోజువారీ లెక్క. ఆ 117 మందినీ పేరుపేరునా ఎరుగుదునని కూడా అన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. నేరేడ్‌మెట్‌లో ఉండే యాదగిరి గారు ఆ నది దగ్గర తానూ ఉన్నానని రెండు గంటల రికార్డింగు ఇచ్చారు. ఆయన సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్. వెనక ఉన్న పెద్ద కార్యాలయం నుంచి ముందున్న కంపెనీ దాకా టెలిఫోన్ తీగ పరచడం, తెగితే వెతికి అతకడం ఆ ఉద్యోగం. కల్నల్ గారిని అడిగితే అలాంటి పేరు తన జాబితాలో లేదన్నారు. యాదగిరి గారి సొంత యూనిట్ కాగితాల్లో ‘ముందు ప్రాంతానికి పంపడమైనది’ అన్న ఒక్క వాక్యమే ఉంది, ఏ ముందు ప్రాంతమో లేదు. నేను మూడో తరగతి వేశాను. నియమం ప్రకారం ఆ మాట స్వయంగా వెళ్లి చెప్పాలి.

వెళ్లాను. సంగతి చెప్పాను. ఆయన భార్య లక్ష్మమ్మ గారు చాయ్ ఇచ్చి, ఆయన నోరు తెరిచేలోపే నా పక్షాన చేరారు. “నలబై ఏండ్ల సంది ఇంటున్న మేడం. నది వెడల్పు ఏడాదికింత పెరుగుతది. ఇంకో పదేండ్లయితే సముద్రమైతది” అన్నారు. నిజానికి ఆ అనుమానం నాకూ ఉంది. మొదటి రోజు రెండు వందల గజాలన్న నది, రెండో రోజు రికార్డింగులో మూడు వందలైంది. దాన్ని నేను ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాను.

యాదగిరి గారు నవ్వలేదు. సాయంత్రాలు పార్కులో కూర్చునే మాజీ సైనికుల గుంపులో తనకు ‘తీగల సిపాయి’ అని పేరట. పుస్తకం వస్తున్నదని వాళ్లందరికీ చెప్పేశారట. “నేను ఆడ్నే ఉన్న మేడం. ఏ కంపెనీ సుత నన్ను మావోడు అనది. నా ఆఫీసుకేమో నేను బయటికి పంపినోణ్ని, బయటోళ్లకేమో ఆఫీసోణ్ని. ఇగ నాకు కాయితం ఎవడిస్తడు?” అని అడిగారు. అచ్చుకు ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయని, ఈలోగా ఆధారం దొరికితే చూస్తానని చెప్పి వచ్చాను. ఆ మాట మర్యాదకు అన్నదే.

వారం తరువాత అప్పలస్వామి గారి రికార్డింగు నా బల్ల మీదకు వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. అదే కంపెనీ లంగర్‌లో వంటవాడు. లంగర్ అంటే సైన్యంలో వంటశాల. కొడుకు ఉద్యోగం వల్ల ఇప్పుడు సైనిక్‌పురిలో స్థిరపడ్డారు. వంటవాడి దగ్గర యుద్ధం ఏముంటుందని మా ఆఫీసులో అనుకున్నారు. అందరినీ పిలిచి ఆయన్ను వదిలేయడం బాగుండదని పిలిచారు, అంతే.

ఆయన యుద్ధమంతా వంటపాత్రల లెక్కల్లో చెప్పారు. నది దాటే రోజు చీకటిపడ్డాక పొయ్యి వెలగకూడదని ఉత్తర్వు. అందుకని మధ్యాహ్నం రెండు గంటలకే నూనె పెట్టారు. మనిషికి నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర, జేబులో పడేయడానికి గుప్పెడు శకర్‌పారాలు అనే తీపి బిళ్లలు. మొత్తం ఐదు వందల ఇరవై నాలుగు పూరీలు వేయించానన్నారు. అంకె వినగానే నా చేయి ఆగదు. నాలుగుతో భాగించాను. 131. కల్నల్ గారి లెక్క 117. పద్నాలుగు ఎక్కువ.

వయసు మీద పడ్డవారు అంకెలు పెంచడం నాకు కొత్త కాదు. కాగితం అంచున ‘14 ఎక్కువ, అతిశయోక్తి కావచ్చు’ అని రాసి, సవరణ అడగడానికి ఆయన ఇంటికి వెళ్లాను. కంపెనీ 117 మందే గనుక 468 పూరీలు చాలు కదా, మిగతా 56 మాటేమిటని అడిగాను.

ఆయనకు కోపం రాలేదు, జాలి వేసినట్టుంది. పూరీలను ఇరవై చొప్పున దొంతర పెట్టడం తన పద్ధతి అన్నారు. ఆ రోజు ఇరవై ఆరు దొంతరలు లేచాయి. మిగిలిన నాలుగు మూత మీద పెట్టుకున్నారు, అవి తనవి. నేను గుణించాను. ఐదు వందల ఇరవై, నాలుగు. సరిపోయింది.

“లెక్కలేని పూరీ నా కళాయిలో పడదు తల్లీ. నువ్వు మనుషుల్ని రిజిస్టర్లో లెక్కెడతన్నావు. నాను నోళ్లు లెక్కెట్టినాను” అన్నారు.

తరువాత విడమరచి చెప్పారు. పరేడ్ స్టేట్‌లో కంపెనీ సొంత మనుషులే ఉంటారు. రేషన్ స్ట్రెంగ్త్ వేరు. ఇతర విభాగాల నుంచి తాత్కాలికంగా వచ్చి చేరినవారు ఎవరి రిజిస్టర్‌లో ఉన్నా, అన్నం మాత్రం ఆ కంపెనీ లంగర్‌లోనే తింటారు. ఆ లెక్క రోజూ ఉదయం సరుకులు చూసే క్వార్టర్‌మాస్టర్ హవల్దారు నోటితో చెబుతాడు, వంటవాడు చెవితో పట్టుకుంటాడు. డైరీలోకి ఎక్కదు.

అంత విన్నాక నాకు అడగాలనిపించిన ప్రశ్న ఒకటే: అందులో తీగలవాళ్లున్నారా? కానీ అడగకూడదు. సాక్షి నోటికి మనం మాట అందిస్తే ఆ సాక్ష్యం చెల్లదు. మర్నాడు రికార్డింగు యంత్రం తీసుకుని మళ్లీ వెళ్లి, మా సంస్థ పెద్దాయన సమక్షంలో ఒకే ఒక ప్రశ్న వేశాను. ఆ రోజు మీ కంపెనీవారు కాకుండా మీ లంగర్‌లో ఇంకెవరు తిన్నారు?

ఎనిమిది మంది మందుపాతరలు వెతికే ఇంజినీర్లు, ఆరుగురు టెలిఫోన్ తీగవాళ్లు అన్నారు. పేర్లు గుర్తులేవు. అయితే ఆరుగురిలో ఒక బక్కపలచటి వాణ్ని మరిచిపోలేదు. వాడు పూటపూటకూ రెండు మెస్ టిన్నులు పట్టుకొచ్చేవాడు. మెస్ టిన్ అంటే సిపాయి అన్నం తినే రేకు గిన్నె. రెండోది ఫోన్ దగ్గర కాపలా ఉన్న జతగాడికి అనేవాడు. ఆ జతగాడు ఎప్పుడూ కనబడడు. రెండు వంతులూ వీడే తినేస్తున్నాడని అప్పలస్వామి గారి అనుమానం. మూడో రోజు గరిటె చేతిలో పట్టుకునే, తీగ వెంబడి నడుచుకుంటూ పోయి, జతగాడు ఉన్నాడో లేడో చూసి వచ్చారట. “ఉన్నాడమ్మా. గోతిలో ఫోనట్టుకుని కూకున్నాడు. నన్ను సూసి నవ్వీసినాడు” అన్నారు.

ఇంజినీర్లతో నాకు పని లేదు. ఆఫీసుకు వచ్చి యాదగిరి గారి సూచిక తీశాను. అందులో నా చేతిరాతతోనే ఒక వరుస ఉంది: ‘41 నుంచి 46 నిమిషాలు: తిండి సంగతులు, రాయనక్కర్లేదు.’ ఐదేళ్లలో నేను వేసిన సూచికలు రెండు వందలకు పైనే. తిండి సంగతులను అన్నిటిలోనూ అలాగే వదిలేశాను. అన్నం గురించి మాట్లాడటం మొదలుపెడితే మనిషి విశ్రాంతి తీసుకుంటున్నాడని నేను అనుకునేదాన్ని.

నలభై ఒకటో నిమిషం దగ్గర పెట్టి విన్నాను. యాదగిరి గారు నవ్వుతూ చెబుతున్నారు. తాను రెండు టిన్నులు పట్టుకుపోతే వంటవాడికి నమ్మకం లేదట. ఒకనాడు పెద్ద గరిటె భుజాన వేసుకుని తీగ పట్టుకుని నడిచొచ్చాడట. “మా జోడుగాడు దుష్మన్ అనుకుని తుపాకి తీసిండు. గరిటె చూసి ఆగిండు” అన్నారు. ఇది అప్పలస్వామి గారిని మేము పిలవడానికి నాలుగు నెలల ముందు రికార్డయిన మాట. యుద్ధం తరువాత ఆ ఇద్దరూ కలుసుకోలేదు, ఒకరి పేరు ఒకరికి తెలియదు.

నవ్వాడా, తుపాకి తీశాడా అన్న ఒక్క తేడాను నేను అలాగే ఉంచాను. అన్నీ అచ్చంగా కలిస్తే నాకు ఇంకా అనుమానం వచ్చేది.

రెండు భాగాలనూ రాసి కల్నల్ గారి దగ్గరకు తీసుకెళ్లాను. రెండుసార్లు చదివారు. డైరీ తెరిచి 117 మీద వేలు పెట్టారు. తన అంకె తప్పు కాదని, అయితే అది తన కంపెనీ అంకె మాత్రమేనని అన్నారు. ఆ రాత్రి దాటవలసిన వేళ మారిందన్న ఉత్తర్వు ఫోన్‌లోనే వచ్చిందట. ఆ తీగ ఎవరు పరిచారని నలభై ఏడేళ్లలో తనకు తోచలేదట. అప్పటికప్పుడు ఒక కాగితం మీద ఆ మాటలే రాసి సంతకం చేసి, యాదగిరి గారి నంబరు అడిగి తీసుకున్నారు. అచ్చుకు ఇంకా తొమ్మిది రోజులుండగా నేను మూడు కొట్టేసి రెండు వేశాను.

సాక్ష్యాలు ముగిశాక సాక్షులు కలుసుకోవచ్చు. ఫిబ్రవరిలో ఒక ఉదయం యాదగిరి గారు, లక్ష్మమ్మ గారు సైనిక్‌పురి ఆఫీసుకు వచ్చారు. అప్పలస్వామి గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. పరిచయం చేసే అవకాశం నాకు ఇవ్వలేదు.

“రెండు టిన్నులోడివి నువ్వేనేటి?”

“గరిటె పట్టుకొని నా ఇజ్జత్ తీసినోనివి నువ్వేనా?”

“మరేటి సెయ్యమంటావు? ఎముకల గూడులాగున్నావు, రెండు వంతులు అడిగితే ఎవడు నమ్ముతాడు?”

“నమ్మకపోయినా పెట్టినవ్ గదా అన్నా.”

“పెట్టకపోతే తీగ తెంపెత్తావని బయం.”

తరువాత గంటన్నర సేపు వారి మధ్య నేను పలికిన మాటలు చాయ్ కావాలా అన్న రెండే. లక్ష్మమ్మ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “సరే, ఆడ ఉన్నడు. ఒప్పుకున్న. నది వెడల్పు మాత్రం ఒప్పుకోను” అన్నారు. అధ్యాయంలో నది వెడల్పు ఇవ్వలేదు.

పుస్తకం ఆ నెలాఖరున వచ్చింది. యాదగిరి గారు ఏడు ప్రతులు కొన్నారు. పార్కులో కూర్చునేది ఏడుగురే.

మా ప్రశ్నపత్రంలో అప్పటికి ముప్పై నాలుగు ప్రశ్నలుండేవి. మార్చి నుంచి ముప్పై అయిదోది చేర్చాం: ‘ఆ రోజుల్లో మీరు ఎవరి లంగర్‌లో తిన్నారు?’ నేను వదిలేసిన తిండి నిమిషాలను వెనక్కి వెళ్లి రాయడానికి పదకొండు నెలలు పట్టింది. వాటివల్ల మరో నలుగురి తరగతి మారింది. ముగ్గురిది మెరుగుపడింది, ఒకరిది పడిపోయింది. అంకెను సరిచూసే ముందు ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో అడగాలి. రెండు అంకెలు కలవనప్పుడు ఒకటి అబద్ధమై తీరాలని లేదు. నేను పదవీ విరమణ చేసేనాటికి కొత్తగా చేరినవారికి మొదటి రోజు చెప్పిన పాఠం ఇంతే.