గో డౌన్ అంటే గిడ్డంగి

మా చిన్నప్పుడు... ఒక వాన మధ్యాహ్నం, అప్పన్న బాబాయి రంగూన్ శివారు తాకేటాలోని మా ఇంటికి పరుగున వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నాన్నతో పాటు రంగూన్ రేవులో బియ్యం మూటలు మోసేవాడు.

"వదినా... మోకు తెగిపోనాది. మూటలన్నీ ఓడ అడుగున పడ్డాయి. కింద మనుసులున్నారు."

"మీ అన్న ఏడి?"

"అంతకు ముందే ఓడ మీద దొర అన్నయ్యకేసి సెయ్యి సూపించి 'గో డౌన్' అని అరిసినాడు. అంతవరకే ఇన్నాను."

కిందికి దిగు అని దాని అర్థం. బళ్ళో అప్పటికే నేర్చుకున్నాను. అమ్మ నా ముఖం చూసింది... నేను చెప్పకుండానే తెలిసిపోయింది.

ముగ్గురం రేవు బస్సెక్కాం. దారంతా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

రేవు గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. కటకటాల సందులోంచి చూస్తున్నాం. ఒక్కొక్కరినే పైకి తెస్తున్నారు. నాన్న కాదు... మళ్ళీ నాన్న కాదు.

"ఏటే, ఈ వానలో పిల్లనట్టుకొచ్చీసినావు?"

వెనక్కి తిరిగాం. భుజాన గోనెపట్టా, చేతిలో కొక్కెం... నాన్నే. రోడ్డు అవతలి గిడ్డంగిలోంచి వస్తున్నాడు.

"దొర గోడౌన్ అన్నాడు, గిడ్డంగికి పోనాను. మూటలు సద్దుతున్నాను. ఏటయ్యింది?"

అప్పన్న బాబాయికి నవ్వు వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. "గిడ్డంగి కాదన్నయ్యా... ఓడలోకి దిగమన్నాడు."

నాన్న కటకటాల దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. తర్వాత అడిగాడు.

"మరి నా బదులు ఎవుడు దిగినాడు?"

దిగింది మా పక్కింటి బర్మా ఆయన, కో మ్యింట్. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు. ఆయన బతికి ఉన్నంతకాలం మా ఇంట్లో ఏ కూర వండినా మొదటి గిన్నె వాళ్ళింటికే వెళ్ళేది.

రేవులో నాన్నను 'గిడ్డంగోడు' అని ఆటపట్టించేవారు. నాన్న ఎప్పుడూ నవ్వలేదు.

మొన్న మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. ఇంగ్లీషు 'గోడౌన్' మలయ్ భాష నుంచి వచ్చిందట... దానికి మూలం మన 'గిడ్డంగి' కావచ్చని కొందరు పండితులు అంటారట.

"అయితే ముత్తాత తప్పు ఇనలేదు కదా, మామ్మా?"

"కావచ్చు అన్నారు, అవునని అనలేదు. సరిగ్గా చదువు" అన్నాను. అని, పక్క గదిలోకి వెళ్ళి కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఇప్పుడు రేవు నిండా కంటైనర్ల ఇనప పెట్టెలే... మా పిల్లలు గిడ్డంగిని బర్మా యాసలో 'గోడౌంగ్' అంటారు. నాన్నను మాకు మిగిల్చిన ఆ మాట ఇంట్లో పలికేది నేనొక్కదాన్నే.

మీ ఇళ్ళల్లో 'గిడ్డంగి' అనేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా... ఉంటే చెప్పండి.