తెల్ల పడవల రేవులో మూడు మునకలు

మధ్యధరా సముద్రంలో దిగి, రేవు గోడ చివరనున్న దీపస్తంభం దాకా ఈది, దాన్ని చేత్తో తాకి వెనక్కి వచ్చిన మనిషి మన నరసాపురం చుట్టుపక్కల నేనొక్కణ్ణేనని మొన్న ఆదివారం ఇంట్లో అందరి ముందూ చెప్పాను. సందర్భం ఏమిటంటే, మా మేనకోడలి కూతురు సెలవులకి ఆ దేశాలు చూడ్డానికి వెళ్తుంటే, వీలైతే వెళ్ళి రమ్మని ఆ చిన్న ఊరి పేరు కాగితం మీద రాసిచ్చింది నేనే. ఆ పిల్ల మరిచిపోకుండా వెళ్ళి ఫోటో పంపించింది. కాస్తంత ఇసుక, దాని పక్కనే షికారు పడవలు కట్టేసే రేవు, దాన్ని మెరీనా అంటారు లెండి, వరసగా తెల్ల పడవలు, వాటి మీద సూదులు గుచ్చినట్టు తెరచాప కొయ్యలు. నలభై ఏళ్ళు దాటినా ఏమీ మారలేదు. ఫోను చేతులు మారి మా అక్క దగ్గరికి వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, ఈ పడవలు నేనెరుగుదును అంది. అంతర్వేది తప్ప ఇంకో సముద్రం చూడని మనిషి. వయసు మాటలు కాబోలనుకుని నేను మళ్ళీ నా ఈత కథలో పడ్డాను.

ఆ ఈత అబద్ధమని, ఇది చదివే మీరు నా ఈడు వాళ్ళే కనుక, మీకు చెప్పేస్తున్నాను. నాకు అసలు ఈతే రాదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాదంటే నవ్వుతారని దాచుకుంటూ వచ్చానుగాని, స్నానానికి తీసుకెళ్ళిన ప్రతిసారీ మా అమ్మ నా మొలతాడు పట్టుకునే నిలబడేది, మోకాలి లోతు దాటనిచ్చేది కాదు. అలాంటివాణ్ణి సరుకు ఓడలో ఇంజన్ గది ఫిట్టరుగా చేరి దేశాలు తిరిగానంటే, నీళ్ళ మీద తిరగడానికి ఈతతో పనిలేదు కనుకనే.

ఆ ఏడాది మా ఓడ ఇంజను పాడై, ఆ ఊరికి దగ్గరలో మరమ్మతు కోసం రెండు నెలలు నిలిచిపోయింది. పగలంతా నూనెలో మునిగి, సాయంత్రాలు ఆ రేవు గట్టు మీద కూర్చునేవాణ్ణి. అక్కడ ఉండగానే అక్క రాసిన ఉత్తరం ఓడ ఏజెంటు తెచ్చి ఇచ్చాడు. అమ్మ పోయిందని. ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఇక్కడ పెద్దకర్మ కూడా అయిపోయింది. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని గుమ్మం బయటే చదివి చించెయ్యాలన్నది మన పద్ధతి. ఓడకి గుమ్మం ఏదో తోచక, ఎక్కే నిచ్చెన మీదే నిలబడి చదివి, ముక్కలు చేసి నీళ్ళలో వదిలాను. ముందే తెలిస్తే రాకపోయేవాణ్ణా, ఓడలో ఉన్నవాడికి కబురు ఎప్పటికి అందుతుంది, అని ఇన్నేళ్ళుగా బంధువులందరికీ చెబుతూనే ఉన్నాను.

కబురు విన్నాక కట్టుబట్టలతో తలస్నానం చేసి నువ్వులూ నీళ్ళూ వదలాలి కదా. నువ్వులు ఎక్కడివి? ఆ ఊళ్ళో గాజుల్లా గుండ్రంగా ఉండే రొట్టెలు అమ్ముతారు, వాటి మీద నువ్వులు అద్ది ఉంటాయి. రెండు రొట్టెలు కొని, ఇసుకలో కూర్చుని, గోటితో ఒక్కొక్క గింజా గిల్లి రుమాల్లో పోసుకున్నాను. నల్ల నువ్వులు కావాలి, ఇవి తెల్లవి, పైగా వేయించినవి. అది తప్పని తెలుసు. తెలిసీ గిల్లుతూనే ఉన్నాను, ఎందుకంటే ఆ పని అయిపోతే తరవాత ఏం చెయ్యాలో నాకు తెలియదు.

దక్షిణం వైపు తిరిగితే సముద్రం కనబడలేదు, పడవలే. చుట్టూ జనం ఒంటి మీద గుడ్డ ఉందా లేదా అన్నట్టు పడుకుని ఎండ కాగుతుంటే, నేను ప్యాంటు, చొక్కా, బూట్లతో సహా నడుము లోతులోకి దిగి మూడు మునకలు వేశాను. నువ్వులు నా చొక్కాకే అంటుకున్నాయి. మూడో మునకకి ఎవరో నా కాలరు పట్టుకుని ఒడ్డుకి లాగారు. చూస్తే మా అమ్మ వయసున్న ముసలావిడ. నేను ప్రాణం తీసుకుంటున్నాననుకుంది కాబోలు. తన తువ్వాలుతో నా తల గట్టిగా తుడుస్తూ ఏదో అంటూనే ఉంది. ఆ భాష నాకు రాదుగాని అవి తిట్లని మాత్రం తెలిసింది, తల తుడిచేటప్పుడు ఏ దేశంలోనైనా ఒకేలా తిడతారు కాబోలు. అప్పుడైనా ఏడుపు వస్తుందని ఆగాను. రాలేదు. రాని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి, తెరచాప కొయ్యలు లెక్కపెట్టాను. ముప్ఫైనాలుగు. మిగిలిన రొట్టెలు ఆకలేసి తినేశాను. మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగాను. ఆ ఏడుపు తరవాతెప్పుడూ రాలేదు. ఈత కథ మాత్రం వచ్చింది.

ఇప్పుడు ఆ పిల్ల అక్కడ కాలు తడుపుకున్న క్షణంలో ఇక్కడ ఫోటో వచ్చి పడుతోంది. ఎవరికి జ్వరం తగిలినా అరగంటలో అన్ని దేశాలకీ తెలుస్తుంది. మంచిదే. కాని మా కాలంలో ఆలస్యం అని ఒకటుండేది, మనిషి దాని వెనక కొంచెం నిలబడడానికి చోటుండేది. ఈ కాలం పిల్లలకి ఆ నీడ కూడా లేదు కదా అనిపించింది.

ఇంతవరకూ రాసి, చిన్న అక్షరాలు ఆనవు కనుక అక్కకి చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విని, తలెత్తకుండానే అంది:

"ఏంట్రా, ఆలస్యం? అంతకు నెల్లాళ్ళ ముందే ఇంకోటి రాశాను కదా, అమ్మ మంచం పట్టింది, ఒక్కసారి వచ్చి చూసి పొమ్మని. అది అందింది నీకు. కుదరదక్కా, పనెక్కువగా ఉందని తెల్ల పడవల బొమ్మ కార్డు మీద జవాబు రాశావు. అమ్మకి నేనే చదివాను. అది చావు ఉత్తరం కాదుగా, చించలేదు. పెట్టెలో ఉంది, తెమ్మంటావా?"