వానకొలత డబ్బా మీద అడ్డాకులు

మొన్న బుధవారం మనవరాలు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, కంపెనీలో ఇంటర్న్‌గా చేరి పందొమ్మిది రోజులయిందనీ, సాయంత్రం గదికి వచ్చాక రంగుల పెట్టె తెరిచే ఓపిక ఉండటం లేదనీ, అందరికీ ఇంతేనా అనీ అడిగింది. ఇంతే అన్నాను. చెప్పవలసిన మిగతాది మాత్రం అప్పటినుంచి నాలోనే తిరుగుతూ ఉంది.

నా ఇరవయ్యో ఏట అరకు దగ్గర ఒక కొండమీది వాతావరణ కేంద్రంలో ఆరు నెలల శిక్షణకు చేరాను. రేకుల గది, ఎంతకీ ఆరని చీరలు, గడప నుంచి వానకొలత డబ్బాకు నలభై రెండు అడుగులు. ఉదయం ఎనిమిదిన్నరకూ సాయంత్రం ఐదున్నరకూ డబ్బాలో పడ్డ నీటిని గీతల గ్లాసులో పోసి, మిల్లీమీటర్లు చదివి రిజిస్టరులో రాయాలి. ఒక్క పూటా ఖాళీ లేకుండా నింపితేనే యోగ్యతా పత్రం, దానితోనే ఉద్యోగం. నాన్న పోయిన ఇంట్లో అమ్మ ఆ కాగితం కోసమే రోజులు లెక్కపెడుతుండేది.

మధ్యాహ్నాలు మాత్రం నావి. మిషన్ బడిలో టీచరమ్మ నేర్పిన విద్యతో వెనక వసారాలో కూర్చుని పెన్సిలుతో కొండపూలు వేసుకునేదాన్ని. ఐదో నెలకు నూట పదమూడు అయ్యాయి. ఆ నెలలో ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి వలిసె పువ్వు మొదలుపెట్టేసరికి రెండు దాటింది, వాన దంచికొట్టింది. ఐదున్నరకు గొడుగు వేసుకుని వెళ్తే, డబ్బా మీద, వానలో తలపై కప్పుకునే అడ్డాకుల గిడుగు బోర్లించి, పైన రాయి పెట్టి ఉంది. లోపల చుక్క లేదు.

కేంద్రంలో ఊడ్చి వండిపెట్టే పక్క ఊరి ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఏటిదత్తా అన్నాను, గిడుగు ఎత్తి చూపిస్తూ.

"ఏటంటే ఏటే గుంటా? నువ్వు బొమ్మల్లో ములిగిపోయినావు. సర్కారోల డబ్బా తడిసి తుప్పట్టీదా? బేగెల్లి నేనే కప్పీసినాను" అంది, మెప్పు కోసం చూస్తూ.

రోజుకు రెండుసార్లు నేను నీళ్లు పారబోసి, డబ్బా తుడిచి పెట్టడం చూసిన మనిషి, దాన్ని పొడిగా ఉంచడమే నా పని అనుకుంది. అది వానను పట్టడానికే ఉందని ఐదు నెలల్లో నేనొక్కసారి చెప్పలేదు.

కేంద్రంలో నాకు పని నేర్పే సీనియరు నవ్వి, "పక్క కేంద్రం లెక్క చూసి ఒక నలభై ఏసీయమ్మా, వానొచ్చి సాచ్చీకం సెప్తాదేటి?" అన్నారు. వేయలేకపోయాను. "కొలత లేదు. పరికరం కప్పి ఉండగా గమనించలేదు" అని రాసి సంతకం చేశాను. ఎవరు కప్పారో రాయలేదు.

శిక్షణ రెండు నెలలు పొడిగించారు. అమ్మకు ఉత్తరం రాయడానికి మూడు కాగితాలు చించాను. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం కుర్చీ డబ్బాకు ఎదురుగా వేసుకుని కాపలా కూర్చున్నాను. చివరికి యోగ్యతా పత్రం వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది, ముప్పై నాలుగేళ్లు చేశాను. సగం వేసిన వలిసె పువ్వు సగంగానే ఉండిపోయింది. బొమ్మలు వద్దని ఎవరూ అనలేదు. మానేయడానికి ఒకరు వద్దనాలా, అలసటే చాలు.

ఇప్పుడు ఆ కొండమీద యంత్రమే వానను కొలుచుకుని అంకెలు పట్నానికి పంపుకుంటుందట, మనిషి ఉండనక్కర లేదట. మంచిదే, లెక్క తప్పదు. అక్కడి మధ్యాహ్నాలన్నీ ఇప్పుడు పూర్తిగా ఖాళీ. వసారాలో కూర్చుని పూలు వేసుకునేవాళ్లే లేరు.